పాలపొడి డబ్బాతో ఫోటో: నల్లబడిన కాగితం ఏం చెబుతోంది

టీచర్ గారూ, పాలపొడి డబ్బాతో మీరు చేసిన పిన్‌హోల్ కెమెరాలో (లెన్సు బదులు చిన్న రంధ్రంతో ఫోటో తీసేది) మొదటి కాగితం నిలువునా నల్లబడినందుకు బాధపడకండి. అది నల్లబడింది కాబట్టే మీ దగ్గరున్నది అసలైన ఫోటో కాగితమని, మీ డెవలపర్ (కాగితం మీద బొమ్మను బయటికి తెచ్చే రసాయనం) పనిచేస్తోందని తేలింది. స్టేషనరీ దుకాణాల్లో ‘ఫోటో పేపర్’ పేరుతో అమ్మే ఇంక్‌జెట్ కాగితాన్ని డబ్బాలో పెట్టి రోజంతా ఎండలో నిలబెట్టినా దాని మీద ఏమీ పడదు. చాలామంది అక్కడే ఆగిపోతారు. మీరు ఆ మెట్టు దాటేశారు.

మీరు రాసినదాన్ని ఒకసారి కుదించి చెప్పుకుంటే: జమ్మలమడుగు దగ్గరి ఉన్నత పాఠశాల, తొమ్మిదో తరగతి పిల్లలు, 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పాలపొడి డబ్బా, 2 మిల్లీమీటర్ల మేకుతో కొట్టిన రంధ్రం. ఎండలో పది నిమిషాలు ఉంచితే కాగితమంతా నలుపు. రెండోసారి భయపడి రెండు సెకన్లే ఉంచితే మొత్తం బూడిదరంగు, ఒక అంచున నల్లటి పట్టీ, మధ్యలో చెట్టులాంటి ఒక మసక. డార్క్‌రూమ్ లేక స్నానాలగదిలో ఎర్ర బల్బు పెట్టుకున్నారు. ఇవన్నీ కుదిరితే పిల్లలను గండికోటకు తీసుకెళ్లి ఫోటోలు తీయించాలని ఉంది. కర్నూలులో నలుపు తెలుపు ప్రింట్ల కాలంలో స్టూడియో చీకటిగదిలో పనిచేసినవాణ్ణి, ఆ తర్వాత బడిపిల్లలతో ఈ డబ్బాలు చేయించినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

పిన్‌హోల్ కెమెరా గురించి ఎక్కడ చదివినా రంధ్రం గురించే పేజీలకు పేజీలు కనిపిస్తాయి. నా దృష్టిలో రంధ్రం మూడో స్థానంలో ఉంటుంది. మొదటిది డబ్బా లోపలి చీకటి, రెండోది సమయం. రంధ్రం కాస్త పెద్దదైతే ఫోటో కాస్త మసకగా వస్తుంది, అంతే. చీకటి సరిగా లేకపోతే ఫోటోనే రాదు.

మీ రెండో కాగితంలోని నల్లటి పట్టీ మూత వైపు అంచున వచ్చిందేమో చూడండి. అటువైపే వచ్చి ఉంటుందని నా అనుమానం. పాలపొడి డబ్బాలకు పైన ఉండేది సాధారణంగా ప్లాస్టిక్ మూత. మన కంటికి అది దిట్టంగానే కనిపిస్తుంది కానీ రాయలసీమ ఎండకు అది పలుచని తెర. మీరు రంధ్రం తెరిచింది రెండు సెకన్లే అయినా, స్నానాలగది నుంచి మైదానానికి, మైదానం నుంచి తిరిగి స్నానాలగదికి మోసుకెళ్లినంతసేపూ వెలుగు మూతలోంచి దిగుతూనే ఉంది. ఆ బూడిదరంగులో కొంతైనా దానిదే. ప్లాస్టిక్ మూతను పక్కన పెట్టి, పెయింటు డబ్బాలకు ఉన్నట్టు నొక్కితే బిగిసే లోహపు మూత ఉన్న డబ్బాను వెతకండి. దొరకకపోతే ఆ మూతకే లోపల, బయట రెండు పొరల నల్ల చార్టు అంటించి, అంచు చుట్టూ నల్లటి ఇన్సులేషన్ టేపు వేయండి. డబ్బా లోపలి మెరుపు కూడా శత్రువే. బ్లాక్‌బోర్డుకు వేసే మెరుపులేని నల్ల రంగు పూయండి, లేదా నల్ల చార్టు చుట్టి అంటించండి. మెరిసే నల్ల ఎనామిల్ వద్దు.

తర్వాత ఫోటో తీయకండి. ముందు ఈ పరీక్ష చేయండి. చిన్న కాగితం ముక్కను లోపల అంటించి, రంధ్రాన్ని టేపుతో మూసి, డబ్బాను నడి ఎండలో పది నిమిషాలు అటూ ఇటూ తిప్పుతూ ఉంచండి. తెచ్చి డెవలప్ చేయండి. కాగితం తెల్లగా రావాలి. ఏ కొంచెం బూడిదరంగు వచ్చినా ఆ నీడ ఎటు నుంచి మొదలైందో చూస్తే వెలుగు కారే చోటు తెలుస్తుంది. మీ ఎర్ర బల్బుకూ ఇలాంటి పరీక్షే ఉంది. కాగితం మీద రూపాయి బిళ్ల పెట్టి, ఎర్ర బల్బు కింద ఐదు నిమిషాలు వదిలేసి డెవలప్ చేయండి. బిళ్ల ఆకారం కనిపించిందంటే ఆ బల్బు పేరుకే ఎరుపు. బజారులో దొరికే ఎర్ర ఎల్‌ఈడీలన్నీ ఒకటి కావు, కొన్నింటి లోపల తెల్ల దీపమే ఉండి పైన ఎర్ర ప్లాస్టిక్ కప్పు ఉంటుంది. ఇంకో సంగతి: చీకటిగదిలోకి వచ్చే పిల్లల ఫోన్లు, ఇప్పుడు కొత్తగా మణికట్టు మీది స్మార్ట్‌వాచీలు బయటే పెట్టించండి. ఒక పిల్లవాడు టైం చూసుకున్నాడంటే ఆ కాగితాలు బూడిదరంగుకు తిరిగినట్టే.

ఈ రెండు పరీక్షలూ తెల్లగా బయటికొచ్చాక, ఇక ముందు ఏ తప్పు జరిగినా అది సమయందో రంధ్రందో అని ధైర్యంగా చెప్పవచ్చు.

ఇప్పుడు సమయం. ఫోటోగ్రాఫర్లకు పాత లెక్క ఒకటి ఉంది. నిండు ఎండలో, రంధ్రం ఎఫ్/16 అయినప్పుడు, ఫిల్మ్ వేగం (వెలుగుకు అది ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే ఐఎస్‌ఓ అంకె) ఎంతైతే సెకనులో అన్నో వంతు సేపు తెరవాలి. ఐఎస్‌ఓ 100 అయితే సెకనులో నూరో వంతు. ఎఫ్ సంఖ్య అంటే రంధ్రం నుంచి కాగితానికి ఉన్న దూరాన్ని రంధ్రం వ్యాసంతో భాగించగా వచ్చేది. మీ డబ్బాలో దూరం 100 మిల్లీమీటర్లు, మేకు రంధ్రం 2 మిల్లీమీటర్లు, కాబట్టి ఎఫ్/50. 50ని 16తో భాగించి వర్గం చేస్తే 10కి కాస్త తక్కువ. ఫోటో కాగితం ఫిల్మ్ కంటే చాలా నెమ్మది, దాని వేగాన్ని సుమారు ఐఎస్‌ఓ 6గా తీసుకోండి. 10ని 6తో భాగిస్తే ఒకటిన్నర సెకను పైచిలుకు. అంటే మీరు మొదటిసారి ఇచ్చిన పది నిమిషాలు అవసరానికి 360 రెట్ల పైమాటే. రెండోసారి భయంతో ఇచ్చిన రెండు సెకన్లు దాదాపు సరైన సమయం! చెట్టు కనిపించడానికి కారణం అదే. మసకగా ఉండటానికి కారణం రంధ్రం. 2 మిల్లీమీటర్ల రంధ్రం నుంచి వచ్చినప్పుడు ఎదుటి దృశ్యంలోని ప్రతి బిందువూ కాగితం మీద కనీసం 2 మిల్లీమీటర్ల చుక్క అవుతుంది. ఆకులూ కొమ్మలూ అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

అలాగని ఎంత చిన్నదైతే అంత మంచిదని కాదు. ఒక హద్దు దాటి సన్నబడితే వెలుగు రంధ్రం అంచుల దగ్గర వంగి పరుచుకుంటుంది, మళ్లీ మసకే. ఈ రెండింటి నడుమ మేలైన కొలత ఎంతన్నది లార్డ్ రేలీ 1891లో పిన్‌హోల్ ఫోటోగ్రఫీ మీద రాసిన వ్యాసంలో చర్చించాడు. వాడుకలో ఉన్న సూత్రం ఇది: దూరాన్ని వెలుగు తరంగదైర్ఘ్యంతో గుణించి, వర్గమూలం తీసి, 1.9తో గుణించాలి. తరంగదైర్ఘ్యానికి 0.00055 మిల్లీమీటర్లు వేసుకోండి. మీ 100 మిల్లీమీటర్ల డబ్బాకు 0.45 మిల్లీమీటర్లు వస్తుంది. 50 మిల్లీమీటర్ల లోతున్న చిన్న డబ్బాకు 0.32, 150 ఉన్నదానికి 0.55. పిల్లల చేత లెక్క చేయించండి, కానీ రెండో దశాంశం కోసం కొట్టుకోకండి. 0.4కూ 0.5కూ మధ్య ఎక్కడున్నా మీ డబ్బాకు తేడా కంటికి ఆనదు. కొలత కంటే గుండ్రదనం, అంచు నున్నదనం ముఖ్యం.

రంధ్రాన్ని డబ్బా గోడకే కొట్టవద్దు. గోడకు మేకుతో ఒక సెంటీమీటరు వెడల్పు కిటికీ చేయండి. అసలు రంధ్రం కూల్‌డ్రింక్ టిన్నులోంచి కత్తిరించిన రేకులో చేసి, లోపలి వైపు నుంచి ఆ కిటికీకి అంటించండి. ఆ రేకు మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది, మనకు కావలసింది అదే. రేకును పాత పత్రిక మీద పెట్టి, కుట్టు సూది మొనతో నొక్కండి. పొడవకూడదు, అవతల చిన్న బుడిపె రావాలి. తిప్పి ఆ బుడిపెను 600 నంబరు వాటర్ పేపరుతో రుద్దండి. మళ్లీ సూది, మళ్లీ రుద్దుడు. రేకు పలచబడి సూది మొన దానంతట అది అవతలికి తేలుతుంది. అప్పుడు సూదిని వేళ్ల మధ్య తిప్పుతూ రంధ్రాన్ని కొద్దికొద్దిగా పెంచండి. ఒక్కపోటుకు పొడిచిన రంధ్రానికి అంచుల్లో రేకు చిగుళ్లు లేచి ఉంటాయి, వాటితో బొమ్మ పదును పోతుంది.

కొలవడానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు. జిరాక్సు దుకాణంలో స్కానరు ఉంటే రేకును 1200 డీపీఐలో స్కాన్ చేయించండి. అడ్డంగా 21 పిక్సెళ్లు వస్తే 0.45 మిల్లీమీటర్లు. స్కానరు లేకపోతే అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు పక్కన రేకును పెట్టి ఫోనుతో దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేయండి. రంధ్రం ఆ రెండు గీతల నడిమి ఎడం కంటే వెంట్రుకవాసి తక్కువ ఉంటే చాలు.

కొత్త రంధ్రంతో మీ డబ్బా ఎఫ్/222 అవుతుంది. అదే లెక్క మళ్లీ చేస్తే నిండు ఎండలో 32 సెకన్లు. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు లోపు, మబ్బు లేనప్పుడు ముప్పై సెకన్లతో మొదలుపెట్టండి. పలచని మబ్బుకు రెట్టింపు, చెట్టునీడలో లేదా ముసురులో రెండు నుంచి నాలుగు నిమిషాలు. పొద్దువాలాక జాగ్రత్త. మన కంటికి ఇంకా బాగా వెలుతురున్నట్టే అనిపిస్తుంది కానీ ఆ వెలుగు పసుపూ ఎరుపూ. మీ కాగితానికి నీలం, ఆకుపచ్చ తప్ప ఎరుపు కనిపించదు. కనిపించదు కాబట్టే ఎర్ర బల్బు కింద దాన్ని పట్టుకోగలుగుతున్నాం. సాయంత్రం ఐదున్నరకు తీసిన ఫోటోలో కాగితం తెల్లగానే మిగిలితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఈ ఎరుపు గుడ్డితనం వల్ల వచ్చే చిత్రాలు పిల్లలకు భలే సరదా. డబ్బాలోంచి వచ్చేది నెగటివ్, వెలుగు పడిన చోట నలుపు. దాన్ని తారుమారు చేసిన ఫోటోలో ఎర్ర చీర నల్లగా వస్తుంది, నీలం చొక్కా తెల్లగా వస్తుంది, నుదుటి కుంకుమ నల్లటి చుక్క అవుతుంది. గండికోటలో ఇదే మీకు సమస్య కూడా. అక్కడి కోటగోడలూ బురుజులూ ఎర్రరాయి. దాని పైన నీలాకాశం. ఫోటోలో రాయి ముదురుగా మునిగిపోతుంది, ఆకాశం వెలవెలబోతుంది. రాతికి చాలినంత వెలుగు ఇవ్వాలంటే సమయాన్ని ఒకటిన్నర రెట్లు చేయండి, ఆకాశాన్ని వదులుకోండి. మల్టీగ్రేడ్ కాగితమైతే (పడే వెలుగు రంగును బట్టి నలుపు తెలుపుల తేడా మారేది) రంధ్రం ముందు పసుపు రంగు పారదర్శక కాగితం ఒక పొర అంటిస్తే నలుపు తెలుపుల కొట్లాట కొంత తగ్గుతుంది. అప్పుడు సమయం సుమారు రెట్టింపు నుంచి ప్రయత్నించండి.

గండికోట మాట వచ్చింది కాబట్టి అక్కడికి వెళ్లేవాళ్లందరికీ చెప్పేదే మీకూ చెబుతాను: లోయను ఈ డబ్బాతో తీయాలని ఆశపడకండి. పెన్నా లోయ కంటికి ఎంత గంభీరంగా ఉన్నా, డబ్బా దాన్ని అరచేతి వెడల్పు కాగితంలో సన్నటి గీతగా మార్చేస్తుంది. కారణం డబ్బా చూపు వెడల్పు. 5 బై 7 అంగుళాల కాగితాన్ని పొడవు అడ్డంగా వచ్చేలా గుండ్రంగా పెడితే, 31 సెంటీమీటర్ల చుట్టుకొలతలో అది దాదాపు 18 సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. కేంద్రం దగ్గర ఆ చాపం చేసే కోణం 204 డిగ్రీలు. మీ లెక్కల సారును అడిగితే పరిధి మీద అది సగం అవుతుందని చెబుతారు, అంటే 102 డిగ్రీలు. రంధ్రం ఉన్నది పరిధి మీదే. తొమ్మిదో తరగతి వృత్తాల పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఇంత వెడల్పు చూపుకు దూరపు వస్తువు చీమంత, దగ్గరి వస్తువు ఏనుగంత. అందుకని మాధవరాయస్వామి గుడి గోపురానికో, జామియా మసీదు తోరణాలకో, ధాన్యాగారం గోడకో బాగా దగ్గరగా వెళ్లి డబ్బాను నేల మీద పెట్టండి. కింద ఒక నాపరాయి ముక్క, పైన ఒక రాయి బరువు. ఇదే మీ స్టాండు. గోపురం నిట్టనిలువుగా లేచినట్టు వస్తుంది, అడ్డగీతలు విల్లులా వంగుతాయి. లోయ అంచు దగ్గర గాలి ఎక్కువ, డబ్బా కదులుతుంది, పిల్లలనూ అంత దూరం పోనివ్వకూడదు.

గుండ్రటి డబ్బా వంపు తెస్తుందని కొందరు చదరపు పెట్టె చేయమంటారు. నేను గుండ్రటి డబ్బానే సమర్థిస్తాను. బల్లపరుపు కాగితం ఉన్న పెట్టెలో మధ్య నుంచి 45 డిగ్రీల పక్కకు వెళ్లేసరికి వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, మూలలు తేలిపోతాయి. గుండ్రటి డబ్బాలో పక్కకు వెళ్లేకొద్దీ రంధ్రం ఏటవాలుగా కనిపించి వెలుగు తగ్గుతుంది, కాగితం మీద ఏటవాలుగా పడి ఇంకొంత తగ్గుతుంది. కానీ కాగితమే రంధ్రానికి దగ్గరవుతుంది కాబట్టి ఆ తగ్గినదంతా తిరిగి వస్తుంది. అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివర దాకా వెలుగు సమానం. త్రికోణమితి వచ్చిన పిల్లలతో కొసైన్లు వేయించి చూడండి, కచ్చితంగా కొట్టివేసుకుంటాయి.

కాగితం విషయంలో రెండు మాటలు. ఇల్‌ఫోర్డ్ వంటి కంపెనీల నలుపు తెలుపు ఆర్‌సీ కాగితం తెప్పించుకోండి, ప్లాస్టిక్ పూత వల్ల త్వరగా కడుగుతుంది, త్వరగా ఆరుతుంది. పాత స్టూడియోల అటక మీద ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ కాగితం ఇప్పటికీ ఎక్కడో ఒకచోట బయటపడుతూ ఉంటుంది. ఆశ పుడుతుంది కానీ, మన వేసవులు అన్నేళ్లు తిన్న కాగితం వెలుగు తగలకుండానే బూడిదరంగుకు తిరిగి ఉంటుంది. కలర్ ల్యాబు వాళ్లు దయతలచి ఇచ్చే రంగుల కాగితం ఎర్ర వెలుతురును కూడా చూస్తుంది, మీ స్నానాలగదిలో పనికిరాదు. ఎక్స్‌రే ఫిల్మ్ మంచి ప్రత్యామ్నాయమే, కాగితం కంటే చాలా వేగం. కానీ దానికి రెండు వైపులా పూత ఉంటుంది, తడిగా ఉన్నప్పుడు గోరు తగిలినా గీత పడుతుంది. పైగా ఇప్పుడు ఆసుపత్రుల్లో ఉన్నది ఎక్కువగా డిజిటల్ ప్రింట్లకు వాడే డ్రై ఫిల్మ్, అది మన పనికి రాదు.

ఇక నీళ్లు. పుస్తకాల్లో డెవలపర్ 20 డిగ్రీల్లో ఉండాలని రాసి ఉంటుంది. ఆ పుస్తకాలు రాసినవాళ్లకు ఏప్రిల్ నెలలో జమ్మలమడుగు ట్యాంకులో నీళ్లు ఎలా కాగుతాయో తెలియదు. వేడి డెవలపర్‌లో బొమ్మ కళ్ల ముందే దూకి వస్తుంది, అరనిమిషంలో నల్లబడుతుంది. మీరు కంగారుగా బయటికి లాగుతారు, అక్కడక్కడా మరకలు మిగులుతాయి. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మట్టికుండ బాగా చల్లబరుస్తుంది. ముందురోజు రాత్రి కుండలో పోసిన నీళ్లతో డెవలపర్ కలుపుకోండి, ట్రేను ఇంకో పెద్ద ట్రేలోని కుండనీళ్లలో తేలేయండి. ఐసుగడ్డలు నేరుగా డెవలపర్‌లో వేయకండి, పలచబడిపోతుంది. కాగితం డెవలపర్‌లో ఒక నిమిషం నుంచి నిమిషంన్నర ఉండాలి. ఫోటో త్వరగా నల్లబడుతోందని ముందే తీసేయడం కాదు, డబ్బా దగ్గర సమయం తగ్గించుకోవాలి. ఈ ఒక్క క్రమశిక్షణ పాటిస్తే పదిమంది పిల్లల ఫోటోలను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. లేకపోతే ఎవరి తప్పు ఏదో తేలదు.

డెవలపర్ తర్వాత ఒకసారి మామూలు నీళ్లలో ముంచి, హైపోలో (బొమ్మను చెరగకుండా నిలిపే రసాయనం) ఐదు నిమిషాలు, ఆ తర్వాత కడగడం. కుళాయి ధార కింద కడగమంటారు. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లో అది కుదరదు, అక్కర్లేదు కూడా. బేసినులో నీళ్లు పోసి ఒక నిమిషం కదిపి పారబోసి, అలా ఐదారు సార్లు మార్చితే ఆర్‌సీ కాగితానికి సరిపోతుంది. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక తెల్లటి మచ్చలు దిగుతాయి. చివరి ముంపుకు మాత్రం క్యాను నీళ్లు వాడండి.

మీరు పిల్లల చేతుల గురించి అడిగారు. దుకాణపు డెవలపర్లలో మెటాల్, హైడ్రోక్వినోన్ వంటి రసాయనాలు ఉంటాయి, కొందరికి చర్మం మండుతుంది, దద్దుర్లు లేస్తాయి. చేతితొడుగులు, పట్టకార్లు తప్పనిసరి. ఇంకో దారి కాఫీ డెవలపర్. లీటరు నీటికి 54 గ్రాముల బట్టల సోడా, 16 గ్రాముల విటమిన్ సి పొడి, 40 గ్రాముల ఇన్‌స్టంట్ కాఫీ, అదే వరుసలో ఒకటి కరిగాక ఒకటి. వంటసోడా వేరు, అది పనిచేయదు. బట్టల సోడా తెల్లటి పొడిగా కాకుండా గాజులా మెరిసే స్ఫటికాలుగా దొరికితే దానిలో నీరు ఎక్కువ, 54కు బదులు 146 గ్రాములు వేయాలి. కాఫీ మన ప్రాంతంలో ఎక్కువగా చికోరీ కలిపి అమ్ముతారు, సీసా మీద చదివి చికోరీ లేనిదే కొనండి. బొమ్మను బయటికి తెచ్చేది కాఫీలోని ఆమ్లాలు, విటమిన్ సి; చికోరీ కలిస్తే కాఫీ పాలు తగ్గుతుంది. కలిపిన గంటలోపు వాడేయాలి. బొమ్మ రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, తెలుపు కాస్త గోధుమరంగుకు తిరుగుతుంది. వాసన మాత్రం దారుణం, ఆ రోజంతా ఎవరూ కాఫీ తాగరు. సోడా కళ్లలో పడకుండా చూసుకోండి. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది. దాన్ని బావి దగ్గరో పొలంలోనో పారబోయవద్దు. క్యానులో పోసి ఉంచి, పాత పద్ధతి ఎక్స్‌రే యూనిట్ ఉన్నచోట ఇస్తే వాళ్లు వెండి తీసేవాళ్లకు చేరుస్తారు.

వచ్చిన నెగటివ్‌ను ఫోనుతో ఫోటో తీసి రంగులు తారుమారు చేస్తే పాజిటివ్ వస్తుంది. కానీ అడ్డంగా కూడా తిప్పాలని మరవకండి. మీ పిల్లలు ఇదివరకు చేసిన, బటర్ పేపర్ తెర ఉన్న పిన్‌హోల్ పెట్టెలో బొమ్మను వెనుక నుంచి చూశారు, అక్కడ తల కిందులు చేస్తే అన్నీ సరిపోయాయి. ఇక్కడ కాగితాన్ని ముందు నుంచి చూస్తున్నాం, అందువల్ల నిలబెట్టాక కూడా కుడి ఎడమలు మారి ఉంటాయి. బడి పేరు ఉన్న బోర్డును తీయించండి, పిల్లలే కనిపెడతారు. కాంటాక్ట్ ప్రింటు వేస్తే ఈ తిప్పలు లేవు. కొత్త కాగితం పూత వైపు పైకి పెట్టి, దాని మీద నెగటివ్‌ను పూత వైపు కిందికి బోర్లించి, పైన కిటికీ అద్దం పెట్టి, టార్చి ఒకటి రెండు సెకన్లు కొట్టండి. ఫోనులో చేసినదాని కంటే ఇదే నాకు ఇష్టం. పిల్లల ముఖాలు చూస్తే మీరూ ఒప్పుకుంటారు.

అన్నట్టు, ఎప్పుడైనా హంపికి విహారయాత్ర వేస్తే విరూపాక్ష ఆలయంలో పెద్ద గోపురం నీడ లోపలి గోడ మీద తలకిందులుగా పడే చోటు తప్పక చూపించండి. గోడలోని చిన్న సందు, చీకటి గది, ఎదుటి గోడ. మీ డబ్బాలో ఉన్నవి కూడా ఆ మూడే.

చివరగా మీరు అడిగిన ఆరు నెలల సూర్యుడి గీతల ఫోటో, అంటే డబ్బాను ఆరు నెలలు ఒకేచోట తెరిచి ఉంచి సూర్యుడు రోజూ నడిచే దారిని గీతలుగా పట్టేది. ప్రపంచ పిన్‌హోల్ దినోత్సవం ఏప్రిల్ చివరి ఆదివారం, ఆ రోజు మొదలుపెట్టాలన్న మీ ఆలోచన బాగుంది కానీ బడులకు అప్పటికి సాధారణంగా సెలవులు ఇచ్చేస్తారు. జూన్ 21 ప్రాంతంలో కట్టి డిసెంబరు 22 ప్రాంతంలో విప్పండి, సూర్యుడి పూర్తి ప్రయాణం దొరుకుతుంది. ఇంటర్నెట్‌లో చాలాచోట్ల డబ్బాను దక్షిణానికి తిప్పమని ఉంటుంది. అది యూరప్ వాళ్లకు. మనం 15 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం. డిసెంబరులో కూడా మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 52 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఏప్రిల్ 30, ఆగస్టు 12 ప్రాంతాల్లో నడినెత్తికి వస్తాడు, ఆ నడుమ మధ్యాహ్నాలు ఉత్తరం వైపు నుంచి వెళతాడు. దక్షిణానికి పెడితే చాలా గీతలు డబ్బా చూపులోకే రావు. తూర్పుకో పడమరకో పెట్టండి. సూర్యుడు తూర్పుకు అటు 24, ఇటు 24 డిగ్రీల మధ్యే ఉదయిస్తాడు కాబట్టి డబ్బా 102 డిగ్రీల చూపులో అన్ని రోజుల ఉదయాలూ హాయిగా పడతాయి, గీతలు ఏటవాలు తీగల్లా పైకి లేస్తాయి.

ఈ ఫోటోకు డెవలపర్ వద్దు, హైపో వద్దు. వెలుగే కాగితాన్ని నేరుగా రంగు మారుస్తుంది. విప్పిన వెంటనే మసక వెలుతురులో తీసి ఒక్కసారి స్కాన్ చేసి, నల్ల కవరులో పెట్టేయండి. స్కానరు దీపం కూడా దాన్ని కొంత నల్లబరుస్తుంది కాబట్టి ముందు మామూలు కాగితంతో సెట్టింగులన్నీ సరిచూసుకోండి. రంధ్రం 0.3 మిల్లీమీటర్లు చాలు. వానకు మూత కిందివైపు ఉండేలా కట్టి, అతుకులన్నీ టేపుతో మూయండి. నెలకోసారి ఎవరైనా వెళ్లి చూడాలి, మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు రంధ్రాన్ని మట్టితో మూసేసే అలవాటు ఉంది. మూసి ఉంటే తడిపిన కుంచెతో మెల్లగా తుడవండి, సూది పెట్టవద్దు. డబ్బాలు రెండు మూడు కట్టండి, ఒకటి కోతులు పీకేస్తాయి. కట్టడానికి ప్లాస్టిక్ తాడు కూడా వద్దు, మన ఎండకు అది పొడిపొడి అయి రాలిపోతుంది. కట్టుడు పనిలో వాడే బైండింగ్ తీగతో బిగించండి.